దారులకూ ఖాతాలుంటాయి
చంద్రపూర్ నడక మిత్రుల కోరికల చిట్టా

కిందటి ఉగాదికి మన సంఘం పిల్లలకు పెట్టిన బొమ్మల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. బ్యాంకులో సంతకాలు పోల్చి చూసేవాడికి బొమ్మలు పోల్చడం ఓ లెక్కా అని మన కార్యదర్శిగారి ధీమా కాబోలు! అంశం ‘కొండ మీద సూర్యోదయం’. పిల్లలంతా తలా రెండు త్రికోణాలు గీసి, మధ్యలో ఎర్రటి సూర్యుణ్ణి పెట్టి, కింద ఓ ఏరు పారించారు. మూడో తరగతి చదివే ఒక పాప మాత్రం కొండను బూడిద రంగులో గీసింది. చెట్టు లేదు, చేమ లేదు. కొన కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. పక్క నుంచి ఒక లారీ పైకి ఎక్కుతోంది.

“ఇదేం కొండమ్మా?” అని అడిగాను.

“ఓ.బి. డంపు, అంకుల్. మా క్వార్టర్స్ వెనకాలే ఉంటుంది” అంది.

గనుల ఊళ్లలో ఉండని పాఠకుల కోసం చెబుతాను. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు తియ్యాలంటే ముందు దాని మీదున్న మట్టీ రాయీ తవ్వి పక్కన పొయ్యాలి. ఆ మట్టినే ఓవర్‌బర్డెన్ అంటారు. ఏళ్ల తరబడి పోసేసరికి అదే ఒక గుట్ట అవుతుంది. మా చంద్రపూర్ చుట్టూ అలాంటి గుట్టలు చాలానే ఉన్నాయి.

మొదటి బహుమతి ఆ పాపకే ఇచ్చాను. తాను కళ్లారా చూసిన కొండను గీసింది ఆమె ఒక్కతే మరి! కానీ ఇంటికి వచ్చాక మనసు అదోలా అయిపోయింది. దూరపు కొండలు నునుపు అంటారు మన పెద్దలు. మా పిల్లలకు దూరపు కొండలు కనబడనే లేదు, దగ్గరి కొండ చూద్దామంటే అది మట్టికుప్ప! బస్సెక్కితే అందే దూరంలో మాణిక్‌గఢ్ ఉంది, పేర్జాగఢ్ ఉంది. ఊళ్లోనే గోండు రాజులు కట్టిన కోటగోడ ఉంది. అన్నీ ఉండి ఆ పాపకు ఏదీ తెలియదంటే తప్పు ఆమెది కాదు, మాది.

ఆ వారమే మా ఆదివారం నడక జట్టు సమావేశమైనప్పుడు ఈ సంగతి ఎత్తాను. మా జట్టంటే పెద్ద పర్వతారోహకుల బృందమేమీ కాదు లెండి. బ్యాంకు వాళ్లు, పవర్ స్టేషన్ వాళ్లు, పేపరు మిల్లులో రిటైరైన ఒక మామయ్యగారు, ఇద్దరు టీచరమ్మలు, మరాఠీ స్నేహితుల కుటుంబాలు మూడు, వెంట పిల్లలు. షుగరు తగ్గించుకోమని డాక్టరు చెబితే మొదలెట్టినవాళ్లమే సగం మంది. “మన ఊరి చుట్టుపక్కల ఏ దారులు మళ్లీ నడకకు వస్తే బాగుంటుందో ఒక చిట్టా రాద్దాం” అనుకున్నాం. నాలుగు ఆదివారాలు వాదించుకుని, టీలు తాగి, అలిగి, మళ్లీ కలిసి తయారుచేసిన ఆ చిట్టాయే ఇది.

నిద్రపోయే ఖాతాలు

చిట్టాలోకి వెళ్లే ముందు నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పనివ్వండి. బ్యాంకులో ఒక సేవింగ్స్ ఖాతాలో ఖాతాదారుడు రెండేళ్ల పాటు ఏ లావాదేవీ చేయకపోతే దాన్ని ‘ఇన్‌ఆపరేటివ్’ అంటాం. నిద్రపోయిన ఖాతా అన్నమాట. పదేళ్లు దాటితే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే ప్రత్యేక నిధికి వెళ్లిపోతుంది. చాలామంది అక్కడితో డబ్బు పోయిందనుకుంటారు. పోదు. ఖాతాదారుడో, వారసుడో సరైన కాగితాలతో వస్తే ఎప్పుడైనా తీసుకోవచ్చు.

కొండదారులూ ఇంతే. మనుషులు నడిచినన్నాళ్లు దారి బతికి ఉంటుంది. నడక ఆగితే రెండు వానాకాలాల్లో గడ్డి, నాలుగు వానాకాలాల్లో ముళ్లపొదలు. తర్వాత ‘ఇక్కడ దారే లేదు’ అంటారు. అందుకే మా చిట్టాలో కొత్తగా కొండలు తొలిచి వెయ్యమని అడిగే దారి ఒక్కటీ లేదు. అన్నీ పాత ఖాతాలే. వాటిని నిద్ర లేపమనే మా మనవి.

మొదటి కోరిక: కోటగోడ చుట్టూ పూర్తి ప్రదక్షిణ

‘కొండదారుల చిట్టాలో ఊరి గోడ ఏమిటి?’ అని మీరు అడగొచ్చు. మా జట్టులోనూ అడిగారు. బల్లపరుపుగా ఉన్న ఈ ఊళ్లో నేల విడిచి ఎత్తున నడవగలిగిన చోటు అదొక్కటే. పిల్లల కాళ్లకు మొదటి పాఠం అక్కడే.

ఈ గోడ కథ తెలుగువారికి చెబితే ‘విన్నట్టుందే’ అంటారు. గోండు రాజు ఖాండక్యా బల్లాళ్ షా వేటకు వెళ్తే ఒక కుందేలు ఆయన వేటకుక్కనే తరిమిందట. ఆ కుందేలు తిరిగిన దారి వెంటే రాణి కోట కట్టమందట. హంపీ దగ్గర హరిహర బుక్కరాయల గురించి మనం చెప్పుకునే కథే! కుందేళ్ల ధైర్యం మీద మన దేశంలో ఎన్ని రాజధానులు లేచాయో మరి. గోడ మాత్రం ఒక్క రాజు కాలంలో అయ్యింది కాదు, తరాలు పట్టింది. చుట్టుకొలత సుమారు 11 కిలోమీటర్లు. ఉత్తరాన జట్‌పురా, దక్షిణాన పఠాన్‌పురా, పడమర బిన్‌బా, తూర్పున అచలేశ్వర్ అని నాలుగు దర్వాజాలు. వాటి మీద గోండు రాజుల చిహ్నం, ఏనుగును లొంగదీసుకున్న సింహం. 1818 మే నెలలో ఇంగ్లీషు సైన్యం ఫిరంగులతో ఈ గోడకు గండి కొట్టి ఊరిని పట్టుకుంది. తర్వాత రెండు వందల ఏళ్లూ గోడను కొట్టినవాళ్లు లేరు గానీ, చూసుకున్నవాళ్లూ తక్కువే.

మా నాన్న 1967లో పెద్దపల్లి వైపు నుంచి బొగ్గు గనిలో పనికి చంద్రపూర్ వచ్చాడు. బాబూపేటలో కాపురం. నా చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే నన్నూ, మా చెల్లెల్నీ పఠాన్‌పురా దర్వాజా దగ్గరికి తీసుకొచ్చి, గోడ ఎక్కించి నడిపించేవాడు. “ఆరు రోజులు భూమి కింద నడుస్త బిడ్డా. ఏడో రోజన్న భూమి మీద ఎత్తుకు నడవాలె” అనేవాడు. ఒక బురుజు దగ్గర కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. మేం పల్లీలు తినేవాళ్లం.

నేను కాలేజీకి వచ్చేసరికి గోడ మీద తుప్పలు మొలిచాయి. ఉద్యోగం వచ్చి నాలుగూళ్లు తిరిగి మళ్లీ చంద్రపూర్‌కి బదిలీ చేయించుకుని వచ్చేసరికి అవి చెట్లయ్యాయి. బురుజుల్లో చెత్త, సీసాలు. ఆడవాళ్లను, పిల్లలను అటు తీసుకెళ్లే పరిస్థితి లేదు. నేనూ మరిచిపోయాను.

2017లో ఇకో-ప్రో అనే స్థానిక సంస్థ యువకులు, బండూ ధోత్రే నాయకత్వంలో, కొడవళ్లు, గడ్డపారలు పట్టుకుని గోడ మీదికి ఎక్కారు. ఒక ఆదివారం శ్రమదానం చేసి ఫొటో దిగి వెళ్లిపోతారనే నేను కూడా అనుకున్నాను. వాళ్లు రోజూ వచ్చారు. రెండు వందల రోజులు దాటినా మానలేదు. ఆ ఏడు అక్టోబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో వాళ్ల పనిని మెచ్చుకుంటే దేశమంతా విన్నది. చంద్రపూర్‌లోనే ఉంటున్న మాలో చాలామందికి ఆ సంగతి రేడియో చెబితేగానీ తెలియలేదు! నిద్రపోయిన ఖాతాను లేపడమంటే ఇదే కదా అనిపించింది.

2018 చలికాలంలో మా నాన్న, అప్పటికి 76 ఏళ్లు, “గోడ సాఫ్ చేసిన్రట గద, ఒకసారి తోల్కపో” అన్నాడు. మోకాళ్ల నొప్పులు, గని దుమ్ముతో ఆయాసం. వద్దన్నాను. వినలేదు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, మూడు చోట్ల ఆగి ఎక్కాడు. తన బురుజు తనే గుర్తుపట్టాడు. అక్కడ కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, “పల్లీలు తేలేదారా?” అన్నాడు. 2020లో ఆయన పోయాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లలు ఆ తుప్పలు కొట్టి ఉండకపోతే మా తండ్రీకొడుకులకు ఆ ఆదివారం దక్కేది కాదు.

ఇప్పుడు మా కోరిక: గోడ మీద నడక అక్కడక్కడా తెగిపోయింది. కొన్ని చోట్ల గోడ విరిగింది, కొన్ని చోట్ల ఇళ్లూ రోడ్లూ అడ్డొచ్చాయి. తెగినచోట దిగి, కింద వీధిలో నడిచి, మళ్లీ ఎక్కేలా బాణం గుర్తులు పెడితే చాలు, ప్రదక్షిణ పూర్తవుతుంది. గోడ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది గనక ఒక మెట్టు కట్టాలన్నా, ఒక కటకటా బిగించాలన్నా వాళ్ల అనుమతి కావాలి. అది న్యాయమే. మేం అడిగేది సిమెంటు కాదు. గుర్తులు, తాగునీరు, రెండు మరుగుదొడ్లు, వానాకాలం తర్వాత ఏటా ఒకసారి తుప్పలు కొట్టడం. అంతే.

రెండో కోరిక: మాణిక్‌గఢ్‌కు గుర్తులున్న దారి

గడ్‌చాందూర్ దాటి జీవతి వైపు కొండలెక్కితే మాణిక్‌గఢ్ కోట. గోండు రాజుల కన్నా ముందు నాగవంశం వాళ్లు కట్టారని చెబుతారు. నల్లరాతి గోడలు, పడిపోయిన బురుజులు, చుట్టూ అడవి. 1956 దాకా రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. ఆ లెక్కన మాణిక్‌గఢ్ మొన్న మొన్నటి దాకా మన ఆదిలాబాదు కొండే!

మూడేళ్ల కిందట శ్రావణమాసంలో ఒక ఆదివారం నాలుగు కుటుంబాలం, 17 మందిమి, ఈ కోటకు బయలుదేరాం. పులిహోర, దద్దోజనం కట్టుకున్నాం. ఎక్కేటప్పుడు బ్రహ్మాండంగా ఉంది. లోపల గోడ వెంట తిరుగుతూ ఫొటోలు దిగుతూ గంటలు గడిపేశాం. తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పాం. వానకు పెరిగిన గడ్డి నడుము ఎత్తున ఉంది. ఎటు చూసినా ఒకేలా ఉంది. ఫోనుకు సిగ్నల్ లేదు. మా టీచరమ్మ ఒకరు నాచు పట్టిన రాయి మీద జారి పడ్డారు, చీలమండ పొంగిపోయింది. నాలుగున్నర దాటింది. పిల్లలు అప్పటిదాకా అల్లరి చేస్తున్నవాళ్లు ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. జట్టుకు పెద్దగా వాళ్లను తీసుకెళ్లినవాణ్ణి నేనే. ఒక మనిషిని ముందుగా వెంటబెట్టుకోవాలన్న బుద్ధి లేకపోయింది నాకు.

అప్పుడు ఎద్దుల మెడగంటలు వినిపించాయి. వాటి వెనకాల ఒక ముసలాయన. భుజాన గొంగడి, చేతిలో గొడ్డలి. కొలాం గూడెం మనిషి. నేను మరాఠీలో దారి అడిగాను. మా మాటలు విన్నాడు కాబోలు, తెలుగులో జవాబు చెప్పాడు. “ఇటు గాదు. అటు పోతే లోయల పడ్తరు. నా ఎంట రాండ్రి.”

టీచరమ్మను ఇద్దరం చెరోవైపు పట్టుకుని నడిపించాం. అరగంటలో రోడ్డు మీదున్నాం. ఐదు వందల నోటు తీసి ఇవ్వబోయాను. తీసుకోలేదు. “గా ప్లాస్టిక్ సంచులు కొండ మీద ఇడిసిపెట్టకుండ్రి. ఎడ్లు తింటయ్, సస్తయ్” అన్నాడు. సిగ్గుతో తల దించుకున్నాం. మా పులిహోర కవర్లు రెండు పైనే ఉన్నాయని మాకు తెలుసు. “తాతా, ఈ దారి ఇట్ల మూసుకపోయిందేంది?” అని అడిగాను. ఆయన వింతగా చూశాడు. “దారి ఎటు పోయింది? మేం రోజు నడుస్తనే ఉన్నం” అన్నాడు.

ఆ మాటతో నా లెక్క సవరించుకోవాల్సి వచ్చింది. నిద్రపోయిన ఖాతా అనుకున్నాను. ఖాతా నడుస్తూనే ఉంది. ఖాతాదారు పేరు మాత్రం నాకు తెలియదు.

కాబట్టి మాణిక్‌గఢ్ విషయంలో మా కోరిక ఇది. రాళ్ల మీద రంగుతో దారి గుర్తులు. కింద ఒక బోర్డు మీద కోట పటం, ఎక్కడానికి పట్టే సమయం, చీకటి పడేలోగా దిగాల్సిన గంట. అన్నిటికన్నా ముఖ్యంగా, చుట్టుపక్కల గోండు, కొలాం గూడేల యువకులకు దారి చూపే పని, దానికి సరైన కూలి. ఆ తాత నోటు తీసుకోకపోవడం ఆయన పెద్దమనసు. ఆ మనసు మీద ఆధారపడి మనం విహారయాత్రలు చెయ్యడం ధర్మం కాదు.

మూడో కోరిక: భద్రావతి నుంచి విజాసన్‌కు

ఇది చిన్న కోరిక, ముసలివాళ్ల కోరిక. భద్రావతి ఊరికి జైన మందిరం పేరుంది. ఆ ఊరి పక్కనే విజాసన్‌లో గుట్టను తొలిచిన బౌద్ధ గుహలున్నాయి. చీకటి వసారా వెంట లోపలికి నడిచి వెళ్తే చివర బుద్ధుడు కూర్చుని ఉంటాడు. రైలు దిగి, మందిరం చూసి, చెట్ల నీడన నడుస్తూ గుహల దాకా వెళ్లే కాలిబాట ఒకటి కావాలి. ఇప్పుడు లారీల పక్కన దుమ్ములో నడవాలి. రోడ్డు పక్కన నాలుగడుగుల బాట, రెండు వరసల వేపచెట్లు, మూడు చోట్ల అరుగులు. అరవై దాటినవాళ్లకూ, చక్రాల కుర్చీ వాళ్లకూ కూడా అందే దారి ఒకటైనా చిట్టాలో ఉండాలని మా మామయ్యగారి పట్టు. ఆయన మాట కాదనలేకపోయాం, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం.

నాలుగో కోరిక: పేర్జాగఢ్, ఏడాదిలో కొద్ది రోజులు

నాగ్‌భీడ్ తాలూకాలో పేర్జాగఢ్ కొండ ఉంది. ఏడుగురు అక్కచెల్లెళ్ల పేరు మీద సాత్ బహిణి కొండ అని కూడా పిలుస్తారు. పైన నిలబడితే కింద అడవి ఆకుపచ్చ సముద్రంలా కనిపిస్తుంది. ఈ కోరిక దగ్గరే మా జట్టు రెండుగా చీలింది. కారణం పులి.

పులి మాట లేకుండా చంద్రపూర్‌లో దారి మాట ఎత్తకూడదు. తాడోబా 1955లో జాతీయ వనమైంది, 1995లో పులుల అభయారణ్యమైంది. పులులు పెరిగాయి, దేశమంతా సంతోషించింది. అవి తాడోబా గీత లోపలే ఉండవు కదా! జిల్లాలో ఇటీవలి సంవత్సరాల్లో ఏటా పదుల సంఖ్యలో మనుషులు పులుల పాలబడుతున్నారు. ఎవరు వాళ్లు? సరదాకి కొండలెక్కేవాళ్లు కాదు. తునికాకు కోయడానికీ, ఇప్పపువ్వు ఏరడానికీ, పశువులు మేపడానికీ వెళ్లినవాళ్లు. 2021 నవంబరులో తాడోబా లోపల పులుల గణన కోసం కాలినడకన వెళ్లిన ఒక మహిళా ఫారెస్టు గార్డునే పులి చంపేసింది. అడవి తెలిసిన మనిషికే అలా జరిగితే పులిహోర పొట్లాలతో వెళ్లే మనమెంత?

ఇక్కడ తిరుమల మనకు పాఠం చెబుతుంది. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోతే, బాగుచేసి 2022 మేలో మళ్లీ తెరిచారు. పాడైన నడకదారిని ఆర్నెల్లలో నిలబెట్టగలమని అది రుజువు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటాక పిల్లలను నడకదారిలోకి పంపలేదు, భక్తులను గుంపులుగా నడవమన్నారు, చేతికి కర్రలిచ్చారు. మెట్లూ, దీపాలూ, వేల జనమూ ఉన్న దారిలోనే అంత జాగ్రత్త అవసరమైంది.

నల్లమలలో సలేశ్వరం మరో పాఠం. ఆ లోయలోకి యాత్రికులను ఏడాది పొడుగునా రానివ్వరు. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులే జాతర. మిగతా రోజులు అడవి అడవిదే. జనం తగ్గారా? లేదు. ఆ కొద్ది రోజుల కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు.

పేర్జాగఢ్‌కు మేం అడిగేది ఆ పద్ధతే. చలికాలంలో, అటవీ శాఖ ఎంచిన కొన్ని రోజులు, పొద్దెక్కాక మొదలై మధ్యాహ్నంలోగా ముగిసేలా, పేర్లు రాసుకుని, గార్డు ముందూ వెనకా ఉండి తీసుకెళ్లే నడక. పులి తిరుగుతోందని తెలిస్తే ఆ రోజుకు రద్దు. ఎవరూ అలగకూడదు.

అయిదో కోరిక: నేనే కొట్టేసింది

ఇది అసలు నా సొంత కోరిక. నాలుగు ఆదివారాలూ దీని కోసం గట్టిగా వాదించింది నేనే.

మాణిక్‌గఢ్ కొండలు అక్కడితో ఆగవు. సరిహద్దు దాటి తెలంగాణలో కెరమెరి ఘాట్లలోకి దిగుతాయి. అటువైపు కెరమెరి మండలంలోనే జోడేఘాట్, 1940లో కొమురం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగిన చోటు. మధ్యలో రెండు రాష్ట్రాలూ మావేనంటున్న పద్నాలుగు గ్రామాలున్నాయి. అక్కడి వాళ్లకు రెండు రేషను కార్డులు, రెండు ఓట్లు అని పేపర్లలో చదువుతుంటాం. మాణిక్‌గఢ్ నుంచి జోడేఘాట్ దాకా కొండల మీదుగా ఒక నడకదారి వేస్తే? ఒక పక్క మరాఠీ, ఒక పక్క తెలుగు, నడుమ గోండీ, కొలామీ. మనలాంటి సరిహద్దు కుటుంబాలకు అంతకన్నా తగిన దారి ఏముంటుంది? పటం కూడా గీసి తెచ్చాను.

మా జట్టులో జంతుశాస్త్రం చెప్పే టీచరమ్మ ఆ పటం చూసి అన్నారు, “అన్నయ్యగారూ, ఈ వైపు అడవుల్లో నడిచేవాళ్లు ఇప్పటికే ఉన్నారండీ. తాడోబాలో పుట్టి చోటు చాలని పులులు ఈ అడవుల గుండానే కాగజ్‌నగర్, కవ్వాల్ వైపు పోతున్నాయి. వాటికి మిగిలింది ఇంతే. రోడ్లు, గనులు, కాలువలు పోగా మిగిలిన సందులో మనం కూడా బూట్లేసుకుని దిగుదామా?”

నా దగ్గర జవాబు లేదు. ఎవరైనా తాకట్టు పెట్టిన ఆస్తిని మళ్లీ తాకట్టు తెస్తే బ్యాంకులో ఏం చేస్తాం? దరఖాస్తు వెనక్కి ఇచ్చేస్తాం. నా దరఖాస్తు నేనే వెనక్కి తీసుకున్నాను. జోడేఘాట్‌కు బస్సులో వెళ్దాం. అక్కడి మ్యూజియం చూద్దాం, పిల్లలకు భీం కథ చెబుదాం. కొండలను కింద నుంచి చూసి దణ్ణం పెడదాం. అన్ని కొండలూ ఎక్కాల్సిన పనిలేదు.

ఖర్చు లెక్క

చిట్టా చదివి ‘ఇదంతా ఎవరు పెడతారు?’ అనేవాళ్లుంటారు. కామర్సు చదివినవాణ్ణి గనక నాకూ అదే మొదటి ప్రశ్న. దారికి రెండు ఖర్చులుంటాయి. వెయ్యడానికి అయ్యేది ఒకసారి ఖర్చు. నిలబెట్టడానికి అయ్యేది ఏటా ఖర్చు. మన దగ్గర మొదటిదానికి నిధులు, శిలాఫలకం, రిబ్బను అన్నీ దొరుకుతాయి. రెండోదానికి ఎవరూ దొరకరు. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. ఆ మెట్ల మీద తరతరాలుగా నడిచిన భక్తుల కాళ్లే ఆ కొండదారులను బతికించాయన్నదీ చెప్పుకోవాలి.

2025 జులైలో యునెస్కో వారు మరాఠాల 12 కోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అందులో 11 మహారాష్ట్రవే, ఒకటి తమిళనాడులోని జింజీ. సంతోషం. పుణే వైపు ఆ కోటలకు ప్రతి ఆదివారం వేలమంది పిల్లలు ఎక్కుతారు. తూర్పు చివర గోండు కోటలకు అంత పేరు రాకపోవచ్చు. పేరు రాకపోతే మానె, కాళ్లు రావాలి.

అందుకని మన సంఘం తరఫున ఏటా ఖర్చులో మన వంతుగా మూడు పనులు ఒప్పుకుందామని మా మనవి. ఒకటి, నెలకో ఆదివారం పొద్దున కోటగోడ మీద రెండు గంటల శ్రమదానం, అనుమతి తీసుకుని, ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ల వెనక నడుస్తూ. రెండు, దారి బోర్డులకు తెలుగు పాఠం రాసిపెట్టడం. చైత్రంలో మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి వచ్చే యాత్రికులకు ఊళ్లో ఒక్క బోర్డయినా వాళ్ల భాషలో కనిపించాలి కదా! మూడు, పదేళ్లు దాటిన ప్రతి పిల్లనూ, పిల్లాణ్ణీ ఏడాదికి ఒక్కసారైనా నిజమైన కొండ ఎక్కించడం. వెళ్లేటప్పుడు దారి తెలిసిన మనిషి వెంట ఉండాలి, వచ్చేటప్పుడు మన కవర్లు మన సంచిలో ఉండాలి.

ఇక్కడ ఎండలు 47, 48 డిగ్రీలకు పోతాయి గనక వేసవి మాట వద్దు. దసరా వెళ్లిన మొదటి ఆదివారం ఉదయం 6 గంటలకు పఠాన్‌పురా దర్వాజా దగ్గర కలుద్దాం. టోపీ, మంచినీళ్లు, గట్టి చెప్పులు తెచ్చుకోండి. ఉగాదికి బొమ్మ గీసిన పాప కూడా వస్తోంది. వాళ్ల నాన్నగారితో మాట్లాడాను. రంగుపెన్సిళ్ల డబ్బా తెచ్చుకోమని చెప్పాను.

పల్లీలు నేను తెస్తాను.